విల్ఫ్రెడ్ గారి బద్లీ

భూషణ్ ఎప్పుడు వచ్చినా నా దుకాణంలో స్టూలు మీద కూర్చోడు. గడప దగ్గర గోడకు వీపు ఆనించి నిలబడతాడు. కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదట. పొద్దంతా ఊరి బయట గోదాములో నిలబడి, వచ్చే పెట్టెనూ పోయే పెట్టెనూ స్కాన్ చేసే ఉద్యోగం. నిలబడీ నిలబడీ అలసిపోయినవాడు మళ్లీ నిలబడే ఉంటానంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకు కొంచెం ఎక్కువే మండుతుంది.

వాళ్ల నాయన ఆగయ్య నాకు వరసకు బావ. తల్లి మల్లవ్వను అక్కా అంటాను. శాంతి నగర్‌లో మా వెనక గల్లీలో ఉంటారు. మేమందరం కోరుట్ల వైపు నుంచి భివండికి సాంచాల మీద బతకడానికి వచ్చినవాళ్లమే. సాంచా అంటే కరెంటు మగ్గం. మా ఆయన కాశీనాథ్ కొన్నాళ్లు సాంచాలు నడిపి, ఆ చప్పుడు పడక ఈ దుకాణం పెట్టాడు. సూదులు, దారాలు, చీరల ఫాల్సు, బొట్టుబిళ్లలు అమ్ముతాం. ఇప్పుడు గల్లా మీద కూర్చునేది నేనే, కూర్చుని ఊరికే ఉండలేక బ్లాగు రాసేదీ నేనే.

నా బ్లాగు పేరు ‘భివండి బువ్వ’. సర్వపిండి ఎలా తట్టాలి, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎప్పుడు వేయాలి, ఇక్కడి నీళ్లతో మక్కగారెలు ఎందుకు గట్టిపడతాయి, ఇలాంటివి రాస్తాను. రాయమని పోరింది నా బిడ్డ నీలిమ. తీరా రాశాక, “అమ్మా, ముఝే నై ఆతా పఢ్నా, నువ్వే చదివి చెప్పు” అంది. మరాఠీ బడిలో చదివిన పిల్ల. తెలుగులో మాట్లాడుతుంది, తెలుగులో కొట్లాడుతుంది, అక్షరాలు చూస్తే మాత్రం గుడ్లప్పగిస్తుంది. మా గల్లీలో పిల్లలందరిదీ ఇదే కథ. భూషణ్‌దీ ఇదే.

బ్లాగు పెట్టి ఇచ్చింది భూషణే. బ్లాగులు నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏ కంపెనీ అమ్మడం లేదని, దేశదేశాల మనుషులు కలిసి ఊరికే చేసి ఊరికే ఇస్తున్నారని చెబితే నేను నమ్మలేదు. ఊరికే ఇచ్చేవాళ్లను నేను భివండిలో చూడలేదు. దాని లోపలి రాతను ఎవరైనా విప్పి చూడవచ్చట, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చట. దాంట్లో లేని పని ఏదైనా కావాలంటే ప్లగిన్ అనే చిన్న ముక్కను తెచ్చి తగిలించుకుంటే చాలట. నీలిమ చదవలేకపోతోందని నేను గొణుగుతుంటే వాడు వెతికి వెతికి ఒక ప్లగిన్ పట్టుకొచ్చాడు.

అది తగిలించాక నా బ్లాగు పైభాగాన ఒక బొత్తాం వచ్చింది. నొక్కితే తెలుగు అక్షరాలన్నీ మరాఠీ అక్షరాలైపోతాయి. మాట మారదు. పచ్చిపులుసు పచ్చిపులుసే, రాత మాత్రం నీలిమకు వచ్చిన రాత. ఆ రోజు నీలిమ నా బ్లాగు మొదటిసారి తనంతట తాను చదువుకుని, “ఇంత ఉప్పా?” అంది. నాకు ఏడుపు వచ్చింది. ఉప్పు సంగతి అడిగినందుకు కాదు.

ఆ ప్లగిన్ చేసినాయన మంగళూరు మనిషి, విల్ఫ్రెడ్ డిసా. కొంకణి మాట్లాడే కుటుంబం. మంగళూరులో కొంకణిని కన్నడ అక్షరాల్లో రాస్తారు, గోవాలో వేరే అక్షరాల్లో చదువుతారు, అందుకని తన చుట్టాల కోసం చేసుకున్నాడు. తర్వాత తుళువాళ్లు, సింధీవాళ్లు, మా బోటివాళ్లు అందరూ దాన్ని తగిలించుకున్నారు. బ్లాగు నడిపేవాళ్లకు కనబడే లోపలి పేజీలో ఒక గోధుమరంగు కుక్క బొమ్మ ఉండేది. నాలుక బయటపెట్టి మనల్నే చూస్తుంటుంది. లిపికీ కుక్కకూ సంబంధమేమిటని అడిగితే, “ఆయన ఇష్టం, చిన్నమ్మా” అన్నాడు భూషణ్.

ఆ ప్లగిన్ వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకుంటారు. మన ‘ఱ’ సరిగా మారడం లేదని నేను పట్టుకుంటే, భూషణ్ మొదట ఆ సంగతి అక్కడ చెప్పుకున్నాడు. తర్వాత తానే దిద్ది పంపాడు. విల్ఫ్రెడ్ గారు మెచ్చుకుని తీసుకున్నాడు. ఆ వారమంతా వాడు నేలమీద లేడు. ఠాణాలో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లందరూ కలుసుకునే సభ ఉందంటే, భివండి రోడ్ స్టేషన్‌కు ఆటోలో పోయి, ఎప్పుడొస్తుందో తెలియని రైలు కోసం కూర్చుని మరీ వెళ్లాడు. వెనక వరసలో నిలబడి వచ్చాడట. అక్కడా నిలబడడమే! కల్యాణ్ ఊరి పిల్ల ప్రాజక్త అని ఒకామె అక్కడ పరిచయమైంది. ఆమె కూడా ఈ లిపుల పనిమీదే ఉంది. వాడి ముఖంలో వెలుగు నేను చూసింది ఆ రోజుల్లోనే.

కొంతకాలానికి విల్ఫ్రెడ్ గారు అందరికీ ఒక మాట రాశాడు. కొన్నాళ్లు నేను ఉండను, దీన్ని ఎవరైనా చూసుకుంటారా అని. భూషణ్ వెంటనే, మీరు వచ్చేదాకా నేను చూసుకుంటాను అని జవాబిచ్చాడు. ఆయన సంతోషంగా తాళాలు అప్పగించాడు. అంటే ప్లగిన్‌లో మార్పులు చేసే అధికారం. చూసుకో తమ్ముడూ అన్నాడు. ఆ తర్వాత ఆయన నుంచి ఒక్క ముక్క రాలేదు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సాంచా నడిపే మనిషి ఊరికి పోవలసి వస్తే తన చోట ఇంకొకరిని నిలబెట్టి పోతాడు. అలా నిలబడ్డవాడు బద్లీ. బద్లీ ఆ సాంచాకు ఉన్న దేవుడి పటం తీయడు, స్టూలు జరపడు, తనకు వీలుగా ఏదీ మార్చడు. అసలు మనిషి తిరిగి వచ్చి సాంచా మీద చేయి వేయగానే పక్కకు జరుగుతాడు. అప్పటిదాకా కదలకూడదు, సెలవు పెట్టకూడదు. బద్లీకి బద్లీ ఉండడు.

భూషణ్ ఆ ప్లగిన్‌కు బద్లీగా నిలబడ్డాడు. కంప్యూటర్ మీద పనికి కార్ఖానా మర్యాద ఏమిటని మీరు నవ్వవచ్చు. నేను నవ్వాను. వాడు చేసిన ప్రతి దిద్దుబాటు కింద ‘విల్ఫ్రెడ్ తరఫున’ అని రాసేవాడు. తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు. కుక్క బొమ్మ ఎందుకు, తీసేయమని ఎంతమంది అడిగినా, యజమాని ఊళ్లో లేడని జవాబు. ఎన్ని ఏళ్లు గడిచినా యజమాని ఊళ్లో లేడు.

ఈలోగా పని పెరిగింది. అసలు సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ప్లగిన్ కూడా దానికి తగ్గట్టు మారాలి, లేకపోతే బొత్తాం మాయమవుతుంది. మాయమైతే జనం తిట్లు మొదలు. ఊరికే వాడుకునేవాళ్లు తిట్టినంత, కొనుక్కున్నవాళ్లు కూడా తిట్టరు. గోదాములో భోజనానికి వదిలినప్పుడు ఫోను తీసి జవాబులు రాసేవాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని రాసేవాడు. మల్లవ్వ అక్క నా దగ్గరికి వచ్చి, “ఏందో చూడు మనోరమా, పోరడు కంచంల చెయ్యిపెట్టి ఫోన్ల తలపెట్టి నవ్వుతలేడు, ఏడుస్తలేడు, గట్లనే చూస్తున్నడు” అంది. అలా చూడడం నాకూ తెలుసు. షిఫ్టు పాళీ దిగి ఇంటికి నడిచే సాంచా మనుషులు అలాగే చూస్తారు.

మొన్నటి ఎండాకాలంలో ఠాణా నుంచి ఒక చిన్న కంపెనీవాళ్లు పిలిచారు. వెబ్‌సైట్లు చేసేవాళ్లు. వాళ్లకు సరిగ్గా ఈ పని తెలిసిన మనిషి కావాలి. కూర్చుని చేసే ఉద్యోగం. గోదాము నుంచి వాడు బయటపడే దారి అదొక్కటే కనబడింది, మేమందరం దానిమీదే ఆశ పెట్టుకున్నాం. వాడు పోయి ప్లగిన్ చూపించాడు. వాళ్లు అటూ ఇటూ చూసి, “ఇందులో నీ పేరేది?” అని అడిగారట. ఎక్కడ చూసినా విల్ఫ్రెడ్, విల్ఫ్రెడ్ తరఫున. అయినా వాడి మాటతీరు నచ్చినట్టుంది. నెలాఖరు దాకా చూస్తాం, నీ పేరు దాని మీదికి వచ్చాక మళ్లీ రా అన్నారు.

“గంతే గద? ఇప్పుడే రాసెయ్, తాళాలు నీ తానే ఉన్నయి” అన్నాను నేను.

“ఆయనకు చెప్పకుంట ఎట్ల రాస్త చిన్నమ్మా?”

“ఆయన ఏడ ఉన్నడో ఎవనికి ఎరుక?”

ఎన్నిసార్లు మెయిల్ పెట్టినా జవాబు రాలేదని చెప్పాడు. ప్రాజక్త కూడా ఫోను చేసి వాడికి నచ్చజెప్పింది. అసలు మనిషి పలకకపోతే, పని చేస్తున్నవాడి పేరు మీదికి మార్చే పద్ధతి వాళ్ల సమూహంలోనే ఉందట. అర్జీ పెట్టుకుంటే చాలు. నీ పని అందరికీ తెలుసు, ఎవరూ కాదనరు అని చెప్పిందట. వాడు వద్దన్నాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. దుకాణంలో గిరాకీ ఉందని కూడా చూడలేదు. “ఏమిరా, పని అంత చేసేది నువ్వాయె. తిట్లు తినేది నువ్వాయె. నీది గాక ఎవనిదిరా అది?” అని అరిచాను.

భూషణ్ గోడకు ఆనుకునే ఉన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

“బాపు ఊరికి పోయొచ్చినప్పుడు సేఠ్ గూడ గదే అన్నడట చిన్నమ్మా. పని అంత వాడే చేస్తున్నడు గద, ఇగ సాంచా వానిదే అని.”

ఆ సంగతి నాకు తెలియనిదేం కాదు. ఆగయ్య బావ తల్లి పోయిందని కబురొస్తే బద్లీని పెట్టి ఊరికి పోయాడు. దినాలు చేసుకుని, గుండు మీద తువ్వాలు కప్పుకుని తిరిగొచ్చేసరికి బద్లీ జరగలేదు. కార్ఖానా సేఠ్ కూడా జరగమనలేదు. అప్పటి నుంచి బావ ఏ కార్ఖానాలో ఎవరు పోతే అక్కడ నిలబడి, బతుకంతా బద్లీగానే గడిపాడు. మళ్లీ ఊరికి పోలేదు. పోతే ఉన్నది కూడా పోతుందని. ఇప్పుడు చెవులు సరిగా వినబడవు, ఇంట్లోనే ఉంటాడు. భూషణ్ అప్పుడు చిన్నపిల్లవాడు. ఆ గుండుతో నాయన గడపలో కూర్చున్నది వాడి కళ్లలో అలాగే ఉండిపోయింది.

చివరికి ప్రాజక్తే మంగళూరు సమూహం వాళ్లను అడిగి అడిగి విల్ఫ్రెడ్ గారి ఫోను నంబరు సంపాదించింది. శుక్రవారం మధ్యాహ్నం, సాంచాలకు సెలవు. గల్లీ ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతకు మాకు చెవులు నొప్పి పెడతాయి. భూషణ్ నా దుకాణంలోనే నిలబడి ఫోను చేశాడు. నేను వినాలని పట్టుబడితే స్పీకరు పెట్టాడు.

హిందీలో నమస్కారం చెప్పి, నేను భివండి భూషణ్‌ను, మీ ప్లగిన్ చూసుకుంటున్నాను అన్నాడు.

“ఏ ప్లగిన్?” అన్నాడు అవతలి మనిషి.

భూషణ్ ఫోను వైపు చూశాడు. నేను భూషణ్ వైపు చూడలేకపోయాను. వాడు మెల్లగా చెప్పాడు, లిపి మార్చేది అని, మీరు వచ్చేదాకా చూసుకుంటానన్నాను కదా అని. ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. పెద్దగా నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. కంప్యూటర్ పని ఎప్పుడో మానేశానని, ఇప్పుడు తోట చూసుకుంటున్నానని చెప్పాడు. “దాన్ని నీకు ఆ రోజే ఇచ్చేశాను కదయ్యా. చూసుకో అన్నానంటే తీసుకో అనే కదా. ఇన్నాళ్లూ నాకోసం ఎదురుచూస్తున్నావా?” అన్నాడు.

అన్ని ఏళ్లు వాడు కాపలా కాసిన చోటు అవతలివాడికి గుర్తే లేదు. వాడి మీద జాలి వేసింది, ఆ పెద్దమనిషి మీద కోపం వచ్చింది, ఆ కోపం ఎందుకో నాకే అర్థం కాలేదు. ఆయన చేసిన తప్పేముంది? ఇచ్చినవాడు ఇచ్చి మరిచిపోయాడు. పుచ్చుకున్నవాడే పుచ్చుకున్నానని అనుకోలేదు.

ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, కుక్క బొమ్మ తీసేయమని అందరూ అడుగుతున్నారని చెప్పాడు భూషణ్. అవతల నవ్వు ఆగిపోయింది.

“రాజా బొమ్మా? ఇంకా ఉందా?”

“ఉంది సార్. మీరు పెట్టింది పెట్టినట్టే ఉంది.”

తన కుక్క రాజా చనిపోయిందని, పాత ఫోను పాడైనప్పుడు దాని బొమ్మలన్నీ పోయాయని చెప్పాడు. నాకు ఒకటి పంపిస్తావా అని అడిగాడు. భూషణ్ అప్పటికప్పుడే పంపించాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆయన నోటితో ఇచ్చాడు కదా, రాసుకోరా అంటే, “ఆయన చేత్తోని ఒక్కసారి ముట్టాలె చిన్నమ్మా” అన్నాడు. విల్ఫ్రెడ్ గారే లోపలికి వచ్చి, భూషణ్ పేరు తన పేరు పక్కన చేర్చాలట. ఆయనకు పాస్‌వర్డ్ గుర్తులేదు. పాస్‌వర్డ్ మార్చుకునే అంకెలు పోయే ఫోను నంబరు ఎప్పుడో మార్చేశాడు. ఆ సమూహం పెద్దలకు రాయడం, వాళ్లు ఆయన ఆయనేనా అని అడగడం, ఆయన తోటలో ఉండి ఫోను ఎత్తకపోవడం. ఇదంతా జరుగుతుండగా నెలాఖరు దాటింది. ఠాణావాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. ఈ మాట వాడి ముందు కూడా అంటాను, వెనక కూడా అంటాను.

పేరు ఎక్కిన రోజు మళ్లీ శుక్రవారమే. గోదాములో వాడికి ఆ రోజు సెలవు దొరికింది. ఆగయ్య బావ చెయ్యి పట్టుకుని నా దుకాణానికి తీసుకొచ్చాడు. తెలుగు చదవడం బావకే వచ్చు, కొడుకుకు రాదు. నా బ్లాగు అడుగున ‘ఈ బొత్తాం చేసినవారు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఇప్పుడు రెండు పేర్లు. బావ కళ్లద్దాలు సర్దుకుని, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు ఆనిస్తూ చదివాడు.

“విల్ఫ్రెడ్. భూషణ్.” చెవులు వినబడని మనిషి కదా, గల్లీ మొత్తానికి వినబడేలా చదివాడు. “ఆయన పేరు ముందటనే ఉంచినవ్?”

“ఉంచిన బాపు.”

“ఆయనే పెట్టిండా నీ పేరు?”

“ఆయనే పెట్టిండు.”

బావ ఫోను నా చేతికి ఇచ్చి కాసేపు కొడుకు ముఖం చూశాడు. ఆ ముఖం ఎప్పుడూ చూసే ముఖమే. కళ్ల కింద నలుపు, గడ్డం మాసి ఉంది. ఠాణా ఉద్యోగం చేజారిన సంగతి బావకు తెలుసు. దాని ఊసు ఎత్తలేదు.

“అయితే నువ్వు ఇగ బద్లీవి గావు” అన్నాడు.

“కాదు బాపు.”

“మరి సుట్టీ ఎందుకు తీస్కోవురా?”

భూషణ్‌కు వెంటనే అర్థం కాలేదు. నాకు అర్థమైంది. బావ తన బతుకులో సగానికి పైగా సెలవు పెట్టలేకపోయిన మనిషి. సొంత సాంచా ఉన్నవాడే బద్లీని పెట్టి ఊరికి పోగలడు. కొడుకుకు ఇప్పుడు ఆ హక్కు వచ్చిందని అంటున్నాడు.

భూషణ్ నా చేతిలోని తన ఫోను తీసుకుని, నిలబడే ప్రాజక్తకు ఫోను చేశాడు. కొన్ని రోజులు చూసుకుంటావా అని మరాఠీలో అడిగాడు. ఆమె సరేనన్నట్టుంది. వెంటనే వాడు గట్టిగా, “మీ పరత్ యేణార్ ఆహే” అని చెప్పాడు. నేను తిరిగి వస్తాను అని. అదే మాట రెండుసార్లు చెప్పాడు.

తర్వాత ఫోను మళ్లీ నా చేతికిచ్చి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నా దుకాణంలో వాడు కూర్చోవడం అదే మొదలు. పక్కనే ఫాల్సు కట్టల మూటలు ఉంటే వాటి మీద తల వాల్చాడు, అంతే, నిద్రపోయాడు. ఆగయ్య బావ లేపకు అని నాకు చెయ్యి ఊపి, గడప దగ్గర కొడుకు నిలబడే చోట తాను నిలబడ్డాడు.

వాడి ఫోను నా చేతిలోనే ఉంది. వణికింది. ఎవరికో బొత్తాం మాయమైందట, వెంటనే బాగుచేయమని ఒకటే తిట్లు. నేను దాన్ని దారపు ఉండల డబ్బాలో పెట్టి మూత వేశాను.